ఒప్పుకోని తండ్రి

మా శిక్షణలో తండ్రి వేషం ఎప్పుడూ నాతో పాటు పాఠాలు చెప్పే మేడందే. నాది ప్రొబేషన్ ఆఫీసర్ వేషం. హాలు మధ్యలో రెండు ప్లాస్టిక్ కుర్చీలు ఎదురెదురుగా వేసుకునేవాళ్లం. ఆమె కొంగు నడుముకు బిగించి, ఏదో నములుతున్నట్టు దవడ కదుపుతూ కూర్చునేది. నేను వెళ్లి, "నమస్తే అన్నా, మీ పిల్లగాని గురించి మాట్లాడదామని వచ్చిన" అంటే, "నాకు గా పేరుతోని కొడుకు లేడు" అని మొహం పక్కకు తిప్పుకునేది.

కేసులో ఇరుక్కున్న పిల్లల ఇళ్లకు వెళ్లి, తల్లిదండ్రులతో మాట్లాడి, పిల్లవాడు తిరిగి ఇంటికి చేరగలడా లేదా అన్నది పిల్లల కేసులు విచారించే బోర్డుకు చెప్పడం ప్రొబేషన్ ఆఫీసర్ల పని. వాళ్లకూ, పిల్లల్ని ఉంచే హోమ్ సిబ్బందికీ, స్టేషన్లలో పిల్లల కేసులు చూసే పోలీసులకూ మేమిద్దరం కరీంనగర్‌లో పాఠాలు చెప్పేవాళ్లం. చట్టం నా వంతు. మిగతాదంతా ఆమె వంతు.

ఆ ప్రదర్శన ఒక వరసలో నడిచేది. తండ్రి తిడతాడు. ఆఫీసర్ వింటాడు. తండ్రి లేచిపోబోతాడు. ఆఫీసర్ ఆపడు. చివరికి నేను అడిగేవాణ్ణి: "మీ వానిల మీకు నచ్చింది ఒక్కటి చెప్పండన్నా." ఆమె కాసేపు నేలకేసి చూసేది. ఒకసారి, "వాడు సైకిల్ మంచిగ తుడుస్తడు సార్" అంది. ఇంకోసారి, "వాళ్లవ్వకు జరమొచ్చిననాడు అన్నం వాడే వండిండు" అంది. ప్రతిసారీ వేరే మాట. ఆ మాట తర్వాత గొంతు మెత్తబడేది. తండ్రి బోర్డుకు వస్తానని ఒప్పుకునేవాడు. హాల్లో చప్పట్లు. అప్పటికి సరిగ్గా భోజనాల వేళయ్యేది.

గడిచిన వానాకాలంలో ఆమె పోయింది. జబ్బు ఉన్న సంగతి మాలో చాలామందికి ఆసుపత్రిలో చేరాకే తెలిసింది. సంతాప సభలో నన్ను మాట్లాడమన్నారు. నేను రెండు వాక్యాలు చెప్పి కూర్చున్నాను. నా తర్వాత మాట్లాడినవాళ్లు దీపం అన్నారు, చెట్టు నీడ అన్నారు. వాళ్లు ప్రేమతోనే అన్నారు. కానీ ఆమె ఇవి వింటే తల వంచుకుని నవ్వు ఆపుకునేదని నాకు తెలుసు. మేము బంధువులం కాదు. ఇన్నేళ్లూ ఒకరినొకరు సార్ అనీ మేడం అనీ పిలుచుకున్నాం. ఆమె ఇంట్లో జరిగినవాటికి అందరితో పాటు వెళ్లాను, అందరితో పాటు తిరిగి వచ్చాను. ఆ వారమంతా ఆఫీసులో ఎవరూ నన్ను ఏమీ అడగలేదు.

కొన్ని నెలల తర్వాత కొత్త బ్యాచ్ వచ్చింది. నేనొక్కణ్ణే.

తండ్రి వేషానికి ఎవరొస్తారని అడిగితే, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చిన ఒక హెడ్ కానిస్టేబుల్ లేచాడు. మంచి మనిషి, లావుపాటి మీసం. కుర్చీలో కూర్చున్న వెంటనే తిట్టడం మొదలుపెట్టాడు. ఎంత బాగా తిట్టాడంటే, హాలు నవ్వడం మానేసి వినడం మొదలుపెట్టింది. నేను అడగవలసిన ప్రశ్న అడిగాను. ఆయన ఏదో చెప్పబోయి ఆగి, చేతి గడియారం చూసుకుని, గొంతు తగ్గించి అడిగాడు:

"సార్, అన్నం టైమైంది. ఇగ ఒప్పుకోమంటరా?"

హాలంతా ఒక్కసారిగా నవ్వింది. నేనూ నవ్వినట్టే ముఖం పెట్టాను. ఇన్నేళ్లూ మా తండ్రి ఎందుకు ఒప్పుకున్నాడు? ప్రశ్న మంచిదనా, కింద అన్నం చల్లారిపోతుందనా? ఈ మాట పంచుకుని నవ్వుకోగలిగిన మనిషి ఒక్కతే. ఆమె లేదు. ఆ మధ్యాహ్నం నేను సరిగా తినలేదు.

భోజనాల దగ్గర ఒకమ్మాయి నా పక్కకు వచ్చి నిలబడింది. కొత్తగా చేరిన ప్రొబేషన్ ఆఫీసర్. సిరిసిల్లలో సాంచాల మధ్య పుట్టి పెరిగింది. ఇంట్లోనే మరమగ్గాలు రాత్రింబవళ్లు ఆడుతుంటే, ఆ చప్పుడు మీద మాట్లాడి మాట్లాడి గొంతు పెద్దదైపోయింది. ఆమె "ఉప్పు ఇటియ్యండి" అన్నా హాలు చివరిదాకా వినిపించేది. ఉదయం నుంచే తోటివాళ్లు ఆమెకు మైకు అని పేరు పెట్టారు. ఆమె ఏమీ అనుకోలేదు. "మైకు లేనప్పుడే నా విలువ తెలుస్తది" అంది.

"సార్, రేపు ఫీల్డ్ విజిట్ కదా. నాతోని రారాదా?" అంది.

ఇళ్లకు వెళ్లడం మా మేడం పని. నేను వెనక హాలు చూసుకునేవాణ్ణి. ఆమెది బొగ్గుగనుల ఊరు, తండ్రి బాయిలో పనిచేసిన మనిషి. భూగర్భ గనిని అక్కడ బాయి అనే అంటారు. ఏ గడప ముందు ఎట్లా నిలబడాలో ఆమెకు వచ్చు. నాకు రాదు. ఇంకెవరైనా వస్తారులే అనబోయాను.

"ఎల్లుండే బోర్డు సార్. పిల్లగానికి బెయిల్ వచ్చింది. కానీ తీస్కపోనీకి ఎవలూ వస్తలేరు."

ఆమె చెప్పింది ఇది. మంచిర్యాల దాటాక ఒక బొగ్గుగని టౌన్‌షిప్. పదహారేళ్ల పిల్లవాడు. ఇద్దరు దోస్తులతో కలిసి కంపెనీ యార్డులో రాగి కేబుల్ కోస్తూ దొరికాడు. దోస్తులను వాళ్ల వాళ్లు వచ్చి తీసుకుపోయారు. ఈ పిల్లవాడి తండ్రి అదే కంపెనీలో బాయి పనివాడు. మొదటి వాయిదాకు రాలేదు. రెండోదానికి వచ్చి, "నాకు వద్దు మేడం, మీరే ఉంచుకోండ్రి" అని బోర్డు ముందే చెప్పి వెళ్లిపోయాడు. ఈసారి కూడా ఎవరూ రాకపోతే పిల్లవాణ్ణి హైదరాబాద్ వైపు హోమ్‌కు మార్చే ఆలోచనలో ఉన్నారు. అక్కడికి మారిన పిల్లవాడి కోసం ఈ ఊళ్ల నుంచి ఎవరూ వెళ్లరు. అది ఆమెకూ తెలుసు, నాకూ తెలుసు.

"తినుడు తక్కువ చేసిండంట సార్," అంది. ఇది మాత్రం కాస్త నెమ్మదిగా.

వస్తానన్నాను.

మరుసటి రోజు పొద్దున్నే బస్సెక్కాం. ఆమె ఆధార్ చూపించి, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ తీసుకుంది. కిటికీ పక్కన కూర్చుని దారంతా పెదవులు కదుపుతూనే ఉంది. గోదావరి వంతెన మీద ఉండగా నావైపు తిరిగింది.

"సార్, ఆ ప్రశ్న ఎప్పుడు అడగాలె? తిట్టుడు మొత్తం అయినంకనా, మధ్యలనా?"

హెడ్ కానిస్టేబుల్ మాట చెప్పేద్దామనుకున్నాను. ఆ ప్రశ్న హాల్లో పనిచేసింది, ఇంట్లో పనిచేస్తుందో లేదో నేనెప్పుడూ చూడలేదని చెప్పాలి. కానీ గడప ఎక్కబోయే మనిషి చేతిలోంచి ఉన్న ఒక్క కర్రనూ లాక్కోవచ్చా? "తొందరపడకు" అన్నాను. ఎందుకూ పనికిరాని సలహా.

మా మేడం పెట్టిన నియమం ఒకటుంది. ఇంటికి వెళ్లినప్పుడు శిక్షణ ఇచ్చేవాళ్లు గుమ్మం దగ్గర కూర్చోవాలి, నోరు తెరవకూడదు. తెరిస్తే ఇంటివాళ్లు పెద్ద ఆఫీసరు ఎవరో పట్టేస్తారు, చిన్న ఆఫీసరుకు ఆ ఇంట్లో మళ్లీ విలువ ఉండదు. దిగేముందు అమ్మాయికి అది గుర్తుచేశాను. నాకే గుర్తుచేసుకున్నాను అనాలి.

క్వార్టర్లు వరసగా ఉన్నాయి. రెండిళ్లకు మధ్య ఒకటే గోడ. పక్కింట్లో పోపు వేస్తే ఈ ఇంట్లో దగ్గు వస్తుంది. ఆఫీసు జీపు తీసుకురాకుండా మంచి పనే చేశాం. తల్లి తలుపు తీసి, చూడగానే ఎందుకు వచ్చామో గ్రహించి, రోడ్డుకు అటూ ఇటూ చూసి, "లోపలికి రాండ్రి, జల్ది" అంది.

తండ్రి రాత్రి షిఫ్టు చేసి వచ్చి మంచం మీద కూర్చుని ఉన్నాడు. నడుముకు నొప్పి కోసం కట్టుకునే బెల్టు ఉంది. యాభై దాటిన మనిషి, ఇంకా ముసలిగా కనిపిస్తాడు. పెద్దకొడుకు, ఇరవై రెండో మూడో ఉంటాయి, మాకు కుర్చీలు వేసి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. నేను నా కుర్చీని గుమ్మం దగ్గరకు జరుపుకున్నాను.

"చెప్పిన కదమ్మా," అన్నాడు తండ్రి, నమస్తే కూడా అనకుండా. "నాకు వద్దని అందరి ముంగట చెప్పిన. మల్లెందుకు వచ్చిండ్రు?"

"మీతోని మాట్లాడదామనే అన్నా."

"ఏం మాట్లాడతరు? నేను తిన్న కంచంల ఉమ్మిండు వాడు. గా కంపెనీ పెట్టిన బువ్వనే కదా తిన్నడు? ఆడనే పోయి దొంగతనం జేస్తడా? బాయిల దిగుతాంటే నా మొఖం జూసి నవ్వుతున్నరు. 'ఏం కాకా, కేబుల్ ఏమైనా మిగిలిందా' అంటుండు ఒకడు. నిన్నమొన్న చేరిన పోరడు!"

తిట్టాడు. అమ్మాయి వింది. లేవబోయాడు. ఆమె ఆపలేదు. నడుము పట్టేసి మళ్లీ కూర్చున్నాడు. వరస సరిగ్గా హాల్లోలాగే నడుస్తోంది. వద్దు, ఇప్పుడు వద్దు అని మనసులో అనుకుంటూనే ఉన్నాను.

"అన్నా," అంది ఆమె, "మీ చిన్నోనిల మీకు నచ్చింది ఒక్కటి చెప్పండి."

తండ్రి ఆమెవైపు చూశాడు. హాల్లో అయితే ఇది మెత్తబడే చోటు. తల్లి కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెద్దకొడుకు కాలి బొటనవేలితో నేల గీస్తున్నాడు.

"ఏం లేదు," అన్నాడు తండ్రి.

ఆమె ఎదురుచూసింది. తర్వాత నావైపు చూసింది. నేను చూపు తప్పించాను. కంగారులో ఆమె గొంతు దాని అసలు కొలతకు వచ్చేసింది.

"ఒక్కటన్న ఉండదా అన్నా? కన్న కొడుకు హోమ్‌ల అన్నం తింటలేడు, మీకు ఒక్కటి గూడ యాదికొస్తలేదా?"

ఆ మాట గోడ దాటింది. గోడ అవతల గిన్నెల చప్పుడు ఆగిపోవడం నాకు వినిపించింది. ఇంట్లో అందరికీ వినిపించింది. తల్లి తలుపువైపు చూసింది. తండ్రి పళ్లు బిగబట్టి, "కేసు అయిపోయింది, వాడు హాస్టల్‌ల ఉన్నడని చెప్పినమమ్మా ఈడ," అన్నాడు మెల్లగా. "జర నెమ్మది."

అప్పటికే తలుపు తోసుకుని పక్కింటావిడ లోపలికి వచ్చింది. చేతిలో ఖాళీ గిన్నె. "వదినె, జర పెరుగు తోడుంటె పెట్టు" అంటూనే మా ఇద్దరినీ తలనుంచి కాళ్లదాకా చూసింది. "ఎవలే వదినె వీళ్లు? చుట్టాలా?"

తల్లి ఒక్క క్షణం ఆగి, "మా పెద్దోని జాబు గురించి వచ్చిండ్రు" అంది.

"గట్లనా! ఆర్డరొచ్చినట్టేనా మరి? ఓ పెద్దోడా, ఏందిరా సప్పుడు లేదు, మిఠాయి ఏడరా?" ఆమె గిన్నె చంకలో పెట్టుకుని అమ్మాయి ఎదురుగా చాప మీద కూర్చుంది. "మేడం, మంచిగ వచ్చిండ్రు. మా ఇంటాయన గూడ అన్‌ఫిట్‌కు పెట్టుకున్నడు. ఎన్నిసార్లు తిరిగినా పోయిరా అంటున్నరు. మీరు జర మా కాయితం గూడ చూడుండ్రి. పిలుస్త ఆయన్ని. ఇంట్లనే పండుకున్నడు."

బాయి పనికి ఒళ్లు పనికిరాదని డాక్టర్లు అన్‌ఫిట్ రాస్తే ఆ ఉద్యోగం కొడుక్కి వస్తుంది. తండ్రి కళ్లు మూసుకున్నాడు. సాయంత్రానికి ఈ వరసంతా, రేపు పొద్దునకు బాయి అంతా, ఇతని పెద్దకొడుక్కి ఆర్డరు వచ్చిందని చెప్పుకుంటుంది. రాని ఆర్డరు గురించి అడిగినప్పుడల్లా అతను జవాబు చెప్పుకోవాలి. మమ్మల్ని ఇంట్లోకి రానిచ్చినందుకు ఇది ఫలితం.

"నేను దానికోసం రాలే అక్కా," అంది అమ్మాయి.

"మరి దేనికొచ్చిండ్రు?"

ఎవరి కోసం వచ్చామో బయటపెట్టకూడదని చట్టం. అబద్ధం చెప్పకూడదని మేం చెప్పిన పాఠం. రెండూ పాటిస్తూ ఈ ప్రశ్నకు ఏం చెప్పాలో మా శిక్షణలో ఎక్కడా లేదు. అమ్మాయి నోరు తెరిచి మూసింది. పక్కింటావిడ కళ్లలో అనుమానం తిరిగింది. హాస్టల్, హోమ్ అన్న రెండు మాటల్ని ఆమె పక్కపక్కన పెట్టుకుంటున్నట్టు నాకు అనిపించింది.

నేను నోరు తెరిచాను.

"అమ్మా, నేను పాఠాలు చెప్పేవాణ్ణి. ఈ అమ్మాయి నా దగ్గర నేర్చుకుంటుంది."

"ఏం పాఠాలు సార్?"

"ఇండ్లకు పోయి మనుషులతోని ఎట్ల మాట్లాడాలె అని."

ఆమె నన్ను ఎగాదిగా చూసి పకపకా నవ్వింది. "గది గూడ నేర్పుతరా! సర్కారు పైసలు ఎక్కువైనయా ఏంది? మా అత్తను తోలుత, ఆమెకు నేర్పుండ్రి జర!"

తల్లికి కూడా, ఆ భయంలోనే, నవ్వు వచ్చింది. "నేర్చుకోని ఏం జేస్తరు బిడ్డా? గట్టిగనైతే మాట్లాడుతున్నవు" అని పక్కింటావిడ అమ్మాయిని అడిగి, జవాబు కోసం ఆగకుండా పెరుగు తోడు తీసుకుని ఆమె వెళ్లిపోయింది. నమ్మిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. నేను చెప్పింది అబద్ధం కాదు. అయినా ఆ ఇంట్లో నుంచి ఒక వస్తువు దాచుకుని బయటకు వస్తున్నట్టు అనిపించింది.

తండ్రి లేచి చెప్పులు వేసుకున్నాడు. "రోడ్డు దాక వస్త. ఇక్కడ వద్దు," అన్నాడు.

ముగ్గురం నడిచాం. అతను కొంచెం ముందు, ఒక చెయ్యి నడుము మీద పెట్టుకుని. బొగ్గు లారీలు పోతున్నాయి. ఆ చప్పుడులో మాట పక్కవాళ్లకు వినిపించదు. అందుకే అతను అక్కడికి తీసుకొచ్చాడని కాసేపటికి అర్థమైంది.

"నా నడుము పోయింది సార్," అన్నాడు. నేను నోరు తెరిచాను కదా, మా మేడం భయపడ్డట్టే ఇప్పుడు నాతోనే మాట్లాడుతున్నాడు. "అన్‌ఫిట్‌కు పెట్టుకున్న. మెడికల్ పరీక్ష అయింది. అది ఒప్పుకుంటే నా జాగల మా పెద్దోడు చేరుతడు. వానికి వేరే పని దొరకదు, డిగ్రీ ఫెయిలైండు. ఇప్పుడు చిన్నోడు ఇంట్ల ఉంటే ఏమంటరు? కంపెనీ సొమ్ము దొంగతనం జేసినోడు గీ ఇంట్లనే ఉన్నడు, గా ఇంటోనికే నౌకరి ఇయ్యాల్నా అంటరు. ఆర్డర్ వచ్చేదాక వాడు గీ ఊర్ల కనవడొద్దు. గంతే."

అమ్మాయి నావైపు చూసింది. నేను ఈసారి చూపు తప్పించలేదు. కానీ వెనక్కి ఒక అడుగు వేశాను. ఆమెకు అర్థమైంది.

"అన్నా, తమ్ముని మీద కేసు ఉంటే అన్నకు జాబు ఇయ్యొద్దని చట్టంల లేదు," అంది. "పిల్లల మీద అయిన కేసు, వాళ్లకు గూడ రేపు నౌకరికి అడ్డం రావద్దనే ఉన్నది."

"చట్టంల ఉంటది. ఆఫీసుల కూసున్నోని మనసుల ఏమున్నదో చెప్పు."

నేనైతే ఇక్కడ ఏదో ఒక ధైర్యం చెప్పేవాణ్ణి. ఏం కాదన్నా, మేం చూసుకుంటాం అనేవాణ్ణి. హాల్లో అట్లాగే అనేవాణ్ణి.

"అది నాకు తెల్వదు అన్నా," అంది. "తెలుసని చెప్తే అబద్ధమైతది."

అతను మొదటిసారి ఆమెను సరిగ్గా చూశాడు. ఒక లారీ పోయేదాకా ఆగాడు.

"రేపు ఎన్నిటికి?"

"పదకొండుకు. మీరు రాకుంటే హైదరాబాద్ పంపుతరు. ఆడికి నేను గూడ పోలేను, గంత దూరం."

అతను వెనక్కి తిరిగి ఇంటివైపు నడిచాడు. మేము బస్టాపులో నిలబడ్డాం. ఆమె, "చెడగొట్టిన కదా సార్" అంది. ఆ మాట ఎంత చిన్నగా అందంటే నేను వంగి వినాల్సి వచ్చింది. నాకు తెలియదన్నాను. అది నిజం.

నేను కరీంనగర్‌కు తిరిగి వెళ్లాల్సింది. వెళ్లలేదు. మంచిర్యాలలో స్టేషన్ దగ్గర ఒక లాడ్జిలో గది తీసుకున్నాను. సంచిలో పుస్తకం ఉంది కానీ ఒకే పేజీ మళ్లీ మళ్లీ చదివాను. ఎన్నో కేసుల గురించి ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పాను. ఒక్క కేసు తేలే ముందు రోజు ఎట్లా ఉంటుందో నాకు తెలియదు. మా మేడంకు తెలుసు. ఫీల్డు నుంచి వచ్చిన మర్నాడు ఆమె ఎవరితోనూ మాట్లాడేది కాదు, టీ కూడా సగం వదిలేసేది. నేను ప్రయాణం అలసట అనుకునేవాణ్ణి. అడిగి ఉండవచ్చు. అడగాలని తోచలేదు.

బోర్డు కూర్చునే గది ముందు వరండాలో రెండు బెంచీలు ఉంటాయి. మర్నాడు పిల్లవాణ్ణి హోమ్ నుంచి మఫ్టీలో ఉన్న కానిస్టేబుల్ బస్సులో తీసుకొచ్చాడు. సన్నగా, మెడ పొడుగ్గా ఉన్నాడు. ఎవరో ఇచ్చిన చొక్కా, భుజాల దగ్గర వదులు. బెంచీ చివర కూర్చుని గేటు కనిపించని వైపు ముఖం పెట్టుకున్నాడు. గేటువైపు చూస్తే ఎవరూ రాలేదని తెలిసిపోతుందని కావచ్చు. అమ్మాయి పక్కన కూర్చుని ఏదో అడిగింది. తల అడ్డంగా ఊపాడు.

పదకొండయింది. ఇంకో పిల్లవాడి పేరు పిలిచారు. వాళ్లమ్మ లోపలికి పోయి వచ్చింది. తర్వాత ఇంకొకరు. అమ్మాయి లేచి గేటుదాకా వెళ్లి వచ్చింది. మళ్లీ వెళ్లింది. లోపలి నుంచి గుమస్తా తల బయటపెట్టి, "మేడం, మీ పిల్లగానోల్లు?" అన్నాడు. "వస్తున్నరు సార్, జర ఆఖరుకు పెట్టుండ్రి" అంది. వస్తున్నారని ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఆటో ఒకటి ఆగింది. అందులోంచి ముందు తల్లి దిగింది. తర్వాత తెల్లజుట్టు ముడి వేసుకున్న ఒక పెద్దావిడ, చేతిలో బట్ట సంచి. చివరికి నడుము పట్టుకుని తండ్రి. పెద్దావిడ మాట ఆవిడకంటే ముందు వరండాలోకి వచ్చింది.

"నడువ్ తమ్మీ, నడువ్. పోరణ్ని కనుడు వచ్చింది గానీ తోల్కపోవుడు చాతగాదట నీకు! పొద్దుగాల మొగులు తెల్లారక ముందే మా ఇంటి తలుపు కొట్టిండు మేడం, నాకు పానం పోయినంత పనైంది. ఎవలు సచ్చిండ్రో అనుకున్న!"

తండ్రి అక్క. ఖానాపూర్‌లో పొలం చేసుకుని ఉంటుంది. తండ్రి రాత్రి డ్యూటీకి పోలేదు. ఎట్లా వెళ్లాడో, ఏ బస్సులు పట్టుకున్నాడో, తెల్లవారేసరికి ఖానాపూర్‌లో ఉన్నాడు. ఆవిణ్ణి వెంటబెట్టుకుని మళ్లీ వచ్చాడు.

పిల్లవాడు లేచి నిలబడ్డాడు. తల్లి వాడి చొక్కా భుజాలు సర్దింది, సర్దుతూనే ఉంది. మేనత్త వాడి నెత్తి మీద ఒక్కటి వేసి, "కేబుల్ గావాల్నారా నీకు? రా, మా మోటరుకు కేబుల్ మార్చాలె, పొలంల ఎంత గావాల్నంటే అంత ఉన్నది!" అంది. వాడికి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. తండ్రి స్తంభం పక్కన నిలబడి గోడ మీది నోటీసులు చదువుతున్నాడు.

లోపల మేజిస్ట్రేటు మేడం అడిగారు. "తండ్రి మీరే కదా? తీసుకెళ్తారా?"

"మా అక్క తీస్కపోతది మేడం."

"సంతకం మీరు పెట్టాలి. బాధ్యత మీదే."

"పెడత."

"మీ ఇంటికి ఎప్పుడు తీసుకెళ్తారు?"

"పెద్దోనికి ఆర్డర్ వచ్చినంక."

"అది ఎప్పుడొస్తుంది?"

"తెల్వదు మేడం."

ఆమె ప్రొబేషన్ ఆఫీసరు వైపు చూశారు. "మీరేమంటారు?"

అమ్మాయి లేచింది. నేను వెనక గోడ దగ్గర ఉన్నాను. ఇంటికి పంపడమే మంచిదని మా పాఠం. పిల్లవాడి బడి ఇక్కడుంది, తల్లి ఇక్కడుంది. ఖానాపూర్‌లో పొలం పని చేయించి బడి మాన్పిస్తే? మేనత్తకు ఒంట్లో బాగుండకపోతే? ఇవన్నీ ఆమెకు కూడా తెలుసు.

"ఇంటికే పోతే మంచిగుండు మేడం," అంది. "కానీ ఇప్పుడు వాళ్ల బాపు తీస్కపోయేది గింత దూరమే. నేను నెలనెలా ఖానాపూర్ పోయి చూసి చెప్త. బడి సంగతి అక్కడి హెడ్‌మాస్టర్‌తోని మాట్లాడుత."

బోర్డు వాళ్లు తమలో తాము మాట్లాడుకున్నారు. అది నాకు చాలాసేపు అనిపించింది. తర్వాత ఒప్పుకున్నారు. తండ్రి పెన్ను గట్టిగా నొక్కి సంతకం పెట్టాడు.

బస్టాండులో ఖానాపూర్ వైపు బస్సు వచ్చేదాకా అందరం నిలబడ్డాం. తల్లి పిల్లవాడికి అరటిపండ్లు కొనిచ్చింది. వాడు ఒకటి తిన్నాడు. బస్సు రాగానే మేనత్త జనాన్ని తోసుకుని ఎక్కి, కిటికీలోంచి సంచి వేసి సీటు ఆపింది. పిల్లవాడు ఎక్కేటప్పుడు తండ్రి పక్కకు జరిగి దారి ఇచ్చాడు, పరాయివాళ్లకు ఇచ్చినట్టు. బస్సు కదిలింది.

తల్లి ఏడుస్తూ ఆటోల వైపు వెళ్లింది. అమ్మాయి ఆమెతో వెళ్లింది. తండ్రి బస్సు మలుపు తిరిగేదాకా చూసి నా దగ్గరకు వచ్చాడు.

"ఉంటడా సార్ వాడు ఆడ?" అన్నాడు. "పొలం పని ఎన్నడూ చెయ్యలే వాడు. పాములుంటయి. మా అక్కకు కోపమెక్కువ. ఉరికొస్తే ఎట్ల?"

తెలియదన్నాను.

అతను బెల్టు మీద చెయ్యి పెట్టుకుని అక్కడే నిలబడ్డాడు. కూర్చోమని బెంచీ చూపించాను, కూర్చోలేదు. తర్వాత విచారణ కిటికీ దగ్గరకు వెళ్లి, ఆదివారం ఖానాపూర్‌కు మొదటి బస్సు ఎప్పుడని అడిగాడు. వాళ్లు చెప్పింది సరిగా వినిపించక మళ్లీ అడిగాడు.